సాలుకూ చాలుకూ నడుమ

నేను చెబుతుంటే ఈ కథ రాస్తున్నది నా మనవరాలు పూజ. నడుమనడుమ పుస్తకాల తెలుగులో రాస్తానంది. సరే అన్నాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చొద్దని గట్టిగా చెప్పాను. ఎందుకంటే ఆ రోజు జరిగిందంతా ఒక అక్షరం మారినందుకే జరిగింది.

నా పేరు గోప్యా. కొడకండ్ల పక్కన తండా మాది. అప్పటికి జనగామ ఇంకా జిల్లా కాలేదు, ఏ పనికైనా వరంగల్ పోవాల్సిందే. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. మా సబ్‌స్టేషన్‌లో పర్మినెంటు ఆపరేటర్లు కూడా సమ్మె టెంటు కిందికి పోయి కూర్చున్నారు. అయినా దవాఖానకు, నీళ్ల ట్యాంకుకు కరెంటు ఇవ్వక తప్పదు కదా. అందుకని లోపల ముగ్గురం మిగిలాం.

ఒకరు సత్యవేణి మేడం. ఇంజనీరు. కోనసీమ నుంచి వచ్చింది. పెళ్లి కాలేదు, చిన్న వయసు. ఎవరితో మాట్లాడినా మాట చివర ‘అండి’ తగిలిస్తుంది. రెండో మనిషి యాకయ్య, కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు. ఊళ్లో ఎవరూ ఆయనను ‘ఓ యాకా’ అని తప్ప పిలిచి ఎరగరు. మేడం వచ్చిన కొత్తలో ‘యాకయ్య గారూ’ అంటే వెనకాల ఎవరో వచ్చారనుకుని తిరిగి చూసేవాడు. మూడోవాణ్ణి నేను. గేటు కాడ కూర్చుని, తీగల కింద గడ్డి పెరగకుండా కోయడం నా పని.

మేడంకు, యాకయ్యకు పడేది కాదని చెప్పలేను. బాగానే పడేది. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది కాదు, అంతే. ఆమె ‘ఆనపకాయ కూర’ అంటే ఆయన అది ఆనిగెపుకాయ అని తెలుసుకోవడానికి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేదాకా ఆగాల్సి వచ్చింది. ఆయన ‘జర నిమ్మళంగ’ అంటే ఆమె నిమ్మకాయ ఎందుకని అడిగింది. ఇద్దరిదీ తెలుగే. మాది కాదు. మా ఇంట్లో మా తండా భాష, తెలుగు మాకు బయటి బాస. అందుకని వాళ్లిద్దరూ తిప్పలు పడుతుంటే చూడటం నాకు సినిమా లెక్క ఉండేది.

ఒకరోజు మేడం తన ఫ్లాస్కులోంచి యాకయ్యకు చాయ పోసింది. గ్లాసు నిండుతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“సాలు మేడం, సాలు.”

“సాలు కాదు యాకయ్య గారూ. చాలు అనాలి. చా.”

“అట్లనే మేడం.”

పెద్దవాళ్లు ఏది చెప్పినా తలూపడం ఆయనకు అలవాటు. ఊపాడు. కానీ మా దిక్కు తాగింది సరిపోతే ‘సాలు’. ‘చాలు’ వేరే. మోటరు చాలు చెయ్యి, బండి చాలు చెయ్యి అంటే నడిపించమని. ఇక మా తండాలో ‘చాల్’ అంటే పద, పోదాం అని. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను గేటు కాడ లేచి చెప్పులేసుకునేవాణ్ణి. యాకయ్య మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. ఆమె మా ఇద్దరినీ చూసి “ఏమైందండి?” అని అడిగేది.

ఇప్పుడు బ్రేకరు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే కథ నడవదు.

సబ్‌స్టేషన్‌లో ఒక్కో లైనుకు ఒక్కో ఇనుప పెట్టె ఉంటుంది. కరెంటు ఇచ్చేదీ ఆపేదీ అదే. చేత్తో మెల్లగా మూస్తే అక్కడ మంటలు లేస్తాయి, అందుకని చిటుక్కున మూసుకోవాలి, చిటుక్కున తెరుచుకోవాలి. ఆ వేగం మనిషి చేతిలో ఉండదు. అందుకని లోపల పెద్ద స్ప్రింగు పెట్టారు. ఎలుకల బోను చూశారు కదా, తీగను వెనక్కి గుంజి కొక్కెం వేసి పెడతాం. కొక్కెం కదిలిందా, దభాలున పడుతుంది. ఇదీ అంతే. స్ప్రింగును ముందుగా బిగించి పెట్టుకోవాలి. బిగించినంత మాత్రాన కరెంటు లైనులోకి పోదు. కొక్కెం తీసే పిడి వేరే ఉంటుంది, దాన్ని తిప్పితేనే పోతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, అది మూసుకునేటప్పుడే తెరుచుకునే స్ప్రింగును కూడా బిగించి పెట్టుకుంటుంది. అంటే వచ్చేటప్పుడే పోవడానికి సిద్ధమై వస్తుంది. కొందరు చుట్టాలు ఉంటారు అట్లా.

స్ప్రింగును బిగించడానికి చిన్న మోటరు ఉండేది. మా తండా లైను పెట్టెలో ఆ మోటరు కాలిపోయింది. సమ్మెలో కొత్తది తెచ్చేవాళ్లు లేరు. అందుకని బావి గిలకకు ఉండే పిడిలాంటిది ఒకటి పక్కన దూర్చి యాకయ్య చేత్తోనే తిప్పేవాడు. కిర్రు కిర్రుమని తిరిగి, బిగువు నిండగానే లోపల టక్కుమంటుంది. బిగిసిందని చూపే పసుపు బొమ్మ కనిపిస్తుంది. అయినా నమ్మకం కోసం ఆయన ఇంకా తిప్పుతూనే ఉండేవాడు. అది మేడంకు నచ్చేది కాదు. పిడి అరిగిపోతుందనేది.

ఆ రోజు పొద్దు నడినెత్తికి వచ్చింది. మా తండా చివర కంబం మీద పింగాణీ గిన్నె పగిలి తీగ జారిందని తెలిసింది. యాకయ్య ఆ లైను బంద్ చేశాడు. లైన్‌మన్ లక్ష్మా దాన్ని బాగుచేయడానికి పోయాడు. లక్ష్మా నా అల్లుడు, మా కవిత పెనిమిటి. ఇది రాస్తున్న పూజకు తండ్రి. పూజ అప్పటికి ఉయ్యాలలో ఉంది.

ఆ కంబానికి చేత్తో దించే స్విచ్చి ఒకటి ఉంది. పైన మూడు కత్తుల్లాంటివి, వాటి నుంచి కిందికి ఒక పైపు, పైపు చివర నడుము ఎత్తున ఒక హ్యాండిలు. హ్యాండిలు కిందికి గుంజితే పైన కత్తులు విచ్చుకుంటాయి, నడుమ ఆకాశం కనిపిస్తుంది. అప్పుడు సబ్‌స్టేషన్‌లో ఎవరేం చేసినా కంబం పైకి కరెంటు రాదు. కానీ అది తుప్పు పట్టి బిగుసుకుంది. గుంజితే నడుము పట్టేసేది. లక్ష్మాకు దానితో పడేది కాదు.

“దించి తాళం ఎయ్యి అల్లుడా” అని ఎన్నిసార్లు చెప్పానో.

“బ్రేకర్ల బంద్ చేసినంక గిది మల్ల ఎందుకు మామా. ఒక్క పెండ్లికి ఇద్దరు అయ్యగార్లా” అనేవాడు.

ఆ మధ్యాహ్నం లక్ష్మా ఫోన్ చేశాడు. మేడం గదిలో ఎత్తింది. నేను కిటికీ కింద గడ్డి కోస్తున్నాను కాబట్టి విన్నాను.

“ఎక్కుతున్నారా లక్ష్మా గారూ? సరే. నేను చెప్పేదాకా ఇటు నుంచి ఇవ్వం. వినిపిస్తోందా అండి? హలో. ఆఁ, అర్థమైంది, అర్థమైంది. ఇక చాలు, చాలు.”

పెట్టేసి బయట మెట్ల మీదికి వచ్చింది. యాకయ్య అవతల యార్డులో, పెట్టె కాడ ఉన్నాడు. ఈ ఫోను సంగతి ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి ఆమెకు తెలియదు.

“యాకయ్య గారూ, తండా లైను స్ప్రింగు తిప్పి పెట్టండి” అని కేకేసింది. లక్ష్మా పని అయిపోగానే ఆలస్యం లేకుండా ఇవ్వొచ్చని ఆమె ఆలోచన. మంచి ఆలోచనే.

యాకయ్య తిప్పాడు. టక్కుమంది. అలవాటు ప్రకారం ఇంకా తిప్పుతున్నాడు.

“చాలు” అంది మేడం.

యాకయ్య తల ఎత్తి చూశాడు. నిజమేనా అన్నట్టు.

“చాలండీ, ఇక చాలు.”

నాకు ఆ రోజు చెప్పులేసుకునే సమయం కూడా దొరకలేదు. యాకయ్య పిడి ఊడదీసి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొక్కెం తిప్పాడు. పెట్టె దభీమంది. గేటు మీద బల్బు వెలిగింది. దూరంగా పొలాల్లో ఆటోస్టార్టర్లు పెట్టుకున్న మోటర్లన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి.

మేడం లోపలికి పరిగెత్తి ఆఫ్ బటన్ నొక్కింది. మళ్లీ దభీమంది. మోటర్లు ఆగిపోయాయి. ఒక మనిషి దగ్గి గొంతు సవరించుకునేంత సేపు, అంతే.

ఆమె తిరిగి మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చింది.

“ఎందుకు ఇచ్చారు?”

“మీరే గద మేడం చాలు అన్నరు.”

“చాలు అన్నాను.”

“గదే. చాలు అన్నరు, చాలు చేసిన.”

ఆమెకు అర్థం కాలేదు. ఆయనకు ఆమె ఎందుకు అట్లా చూస్తోందో అర్థం కాలేదు. ఇద్దరి నడుమ నిలబడి చెప్పాల్సింది నేనే. కానీ నాకు మాట నిదానం. చిన్నప్పటి నుంచీ అంతే, నోట్లో ఉన్న మాట బయటికి రావడానికి ఎడ్లబండి అంత సేపు తీసుకుంటుంది.

“యాకయ్యా” అన్నాను, “పైన... లక్ష్మా... ఉన్నడు.”

యాకయ్య చేతిలో పిడి కింద పడింది.

“నాకెవలు చెప్పిన్రే. గోప్యన్నా, నాకెవలు చెప్పిన్రు? పని అయిపోయింది, కరెంటియ్యడానికే తిప్పుతున్న అనుకున్న.”

మేడం ఫోన్ కొట్టింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. ఎత్తలేదు. యాకయ్య పిడి ఏరుకుని పెట్టెకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. ఆ పిడి లేకుండా స్ప్రింగు బిగియదు, బిగియకపోతే లైనుకు కరెంటు ఇవ్వలేరు. దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకున్నాడు.

“మీరు పోయిరాన్రి. నేనీడ నుంచి లేవ” అన్నాడు.

మేడం స్కూటీ తీసింది. నేను వెనక ఎక్కాను. ఆడపిల్ల బండి వెనక ఎక్కడం నాకు అదే మొదటిసారి. ఎక్కడ పట్టుకోవాలో తెలియక నా కొడవలినే పట్టుకుని కూర్చున్నాను. దాన్ని కింద పెట్టడం మరిచిపోయాను.

“తాతగారూ” అంది దారిలో, గాలికి సగం మాట ఎగిరిపోతూ. “లైన్లో మనిషి తగిలి ఉంటే బ్రేకరు దానంతట అదే పడి కరెంటు ఆగిపోవాలి. పడలేదు. నేనే ఆపాను.”

“ఎప్పుడు గట్లనే అయితదా బిడ్డా?”

ఆమె బండి వేగం పెంచింది.

జనగామ రోడ్డు ఎక్కగానే ఆగిపోవాల్సి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. మూడు రాళ్ల మీద పెద్ద గుండిగ, కింద మంట, పక్కన కూరగాయల గుట్ట, అటూ ఇటూ ఎడ్లబండ్లు. గంటె పట్టుకుని నిలబడింది ఈదమ్మ. కొడకండ్ల అంగట్లో కూరగాయలు అమ్మేది. ఆమె దగ్గర బేరం ఆడి గెలిచినవాడు లేడు.

“ఆగున్రి ఆగున్రి. ఎవల బండి?”

“కరెంటు మేడం” అన్నారెవరో.

“ఓ, అండి మేడమా. దిగు బిడ్డా. ఈ తొవ్వల బువ్వ తినంది ఎవలు పోరు.”

“చాలా అర్జెంటండి. దారి ఇవ్వండి.”

“అర్జెంటని యాబై ఏండ్ల సంది మేం గూడ అంటున్నం. ఢిల్లీల ఎవలన్న ఇన్నరా?”

అందరూ నవ్వారు. ఒక పిలగాడు విస్తరి పరిచాడు.

“పోనీ తియ్యక్కా, జై తెలంగాణ అంటె ఇడిసిపెడుదం” అన్నాడు బండి మీద కూర్చున్నాయన.

మేడం వెంటనే అంది. “జై తెలంగాణ అండి.”

ఈసారి నవ్వు గుండిగ మూత ఎగిరేంత పెద్దగా వచ్చింది.

“అండి అడ్డమొస్తున్నది బిడ్డా. దాన్ని పక్కకు పెట్టి అను.”

“జై తెలంగాణ” అంది ఆమె. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

ఈదమ్మ గంటె దించింది. “అయ్యో, గింత దానికి ఏడుస్తరా? అనకుంటె అనకు తల్లీ. నిన్ను ఎవలేమన్న అన్నరా?” అని చుట్టూ ఉన్నవాళ్ల వైపు కోపంగా చూసింది, తాను తప్ప మిగతావాళ్లంతా ఏదో అన్నట్టు.

నేను దిగాను. నా మాట బయలుదేరింది.

“ఈదమ్మా... నా అల్లుడు... కంబం మీద ఉన్నడు. మేము... కరెంటు... ఇచ్చినం.”

ఎవరూ నవ్వలేదు. ఈదమ్మ నా మొహం చూసింది, నా చేతిలో కొడవలి చూసింది, మేడం మొహం చూసింది.

“గుండిగ జరుపున్రి.”

“అక్కా, బియ్యం సగమే ఉడికినయ్.”

“సగం ఉడికింది తినే మొగోళ్లు మస్తు మందున్నరు ఈడ. జరుపుమంటె.”

నలుగురు గోనెసంచులు పట్టి ఆ పొగలు కక్కే గుండిగను రోడ్డు పక్కకు మోశారు. ఎడ్లబండిని వెనక్కి నెట్టారు. పొద్దుటి నుంచి ఒక పెద్దమనిషి కారు అవతలి పక్క హారన్ కొడుతూ ఉంది, దానికి జరగని గుండిగ మాకు జరిగింది. కారు కూడా కదలబోతే ఈదమ్మ మళ్లీ గంటె అడ్డం పెట్టింది.

“నీకు కాదు సారూ. నువ్వు దిగి తిను.”

తండా మలుపు తిరగగానే కంబం కనిపించింది. పైన లక్ష్మా ఉన్నాడు. నడుముకు బెల్టు, బెల్టుకు ఆనుకుని వేలాడుతున్నాడు. తల కిందికి వాలి ఉంది. కదలడం లేదు.

మేడం బండి ఆపింది. నేను దిగి నడిచాను. ఆ చేను గట్టు ఎంత పొడుగో నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికాడ కవితకు ఏం చెప్పాలో ఆలోచించలేదు. ఏ భాషలో చెప్పాలో ఆలోచించాను. అట్లాంటి మాట నాకు రెండు భాషల్లోనూ రాదు.

కంబం కిందికి వచ్చాను. పైకి చూడలేక కిందికే చూస్తున్నాను.

“మామా.”

నేను కంబానికి చెయ్యి ఆనించాను.

“మామా, నిన్నే. నట్టు కింద పడ్డది. ఇప్పుడు నువ్వు నిలవడ్డ కాడ్నే పడ్డట్టున్నది. ఇందాక సంది పైనుంచి దాన్నే ఎతుకుతున్న, గడ్డిల కనవడుత లేదు. జర చూసి అందియ్యరాదు.”

నేను మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో వెతికాను. నట్టు ఎక్కడుందో కళ్లకు ఆనితే కదా. మేడం వచ్చి నా పక్కన కూర్చుని ఆమె కూడా వెతకడం మొదలుపెట్టింది. ఇద్దరం కళ్లు తుడుచుకుంటూ గడ్డి పీకుతున్నాం.

“ఏమైంది మీకు?” అన్నాడు పైనుంచి. “నట్టే గద పోయింది. గట్ల ఏడ్వవడితిరి.”

“ఫోన్ ఎందుకు ఎత్తలేదు లక్ష్మా గారూ?” అని అడిగింది మేడం, తల ఎత్తకుండానే.

“సద్ది సంచిల ఉన్నది మేడం, కింద. మోగింది ఇనవడ్డది. ఎత్తుటానికి నాకేమన్న రెక్కలున్నయా?”

నట్టు నాకే దొరికింది. దాన్ని పైకి విసిరేముందు స్విచ్చి హ్యాండిలు వైపు చూశాను. కిందికి దించి ఉంది. తాళం వేసి ఉంది. పైన మూడు కత్తులూ విచ్చుకుని, నడుమ తెల్లటి ఆకాశం.

పని ముగించి లక్ష్మా దిగాడు. మేడం జరిగింది దాచలేదు. మొత్తం చెప్పింది. అంతసేపు మాట్లాడినా ఒక్క ‘అండి’ కూడా రాకపోవడం మొదటిసారి చూశాను. లక్ష్మా విని, నిలబడినచోటే కూర్చున్నాడు. కాసేపు అరచేతులు చూసుకున్నాడు.

“ఎన్నడు దించనోనివి, ఇయ్యాల ఎందుకు దించినవ్?” అని అడిగాను.

“మేడం మాటకు భయం పుట్టింది మామా.”

“నా మాటకా?” అంది మేడం.

“అవు మేడం. సిగ్నల్ సక్కగ లేదు. మీరు చెప్పిందాంట్ల సగం ఇనవడలే. ఆఖర్ల మాత్రం ‘ఇక చాలు, చాలు’ అన్నది సాఫ్ ఇనవడ్డది. నేను కంబం ఎక్కుతా అంటె ఈమె చాలు అంటదేంది అనుకున్న. చాలు అంటె మాకు ఆన్ చేసుడే గద. ఏం చాలు చేస్తదో ఏమో అని పానం జల్లుమన్నది. మల్ల ఫోన్ చేస్తె కలుస్తలేదు. ఇగ చేసేదేమున్నది, ఎదురు కాళ్లు తన్ని హ్యాండిల్ గుంజిన. తాళమేసిన. నడుము ఇరిగినంత పనైంది.”

“నేనన్నది ఇంక చెప్పక్కర్లేదు, అర్థమైంది అని.”

“గదే మాట జర చిన్నగ ‘సాలు’ అంటె నేను హ్యాండిల్ ముట్టకపోదును మేడం” అన్నాడు లక్ష్మా.

మేడం వేళ్ల మీద లెక్క వేసుకుంది. సాలు అని ఉంటే యాకయ్య కరెంటు ఇచ్చేవాడు కాదు. సాలు అని ఉంటే ఇతను హ్యాండిలు దించేవాడూ కాదు. ఏది తప్పో ఏది ఒప్పో లెక్క తేలక ఆమె గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అది నవ్వో ఏడుపో మాకు తెలియలేదు.

కాసేపటికి లక్ష్మా తాళం తీసి హ్యాండిలు పైకి ఎత్తాడు. కత్తులు కలుసుకున్నాయి. ఇక అవతలి నుంచి కరెంటు ఇవ్వాలి. మేడం యాకయ్యకు ఫోన్ చేసింది.

“యాకయ్య గారూ, లక్ష్మా గారు క్షేమంగా ఉన్నారు.”

“మీరు గట్లనే అంటరు మేడం.”

లక్ష్మా ఫోన్ తీసుకున్నాడు. “యాకన్నా, నేనే. ఏం కాలే. కరెంటియ్యి.”

“ఎవలు నువ్వు?”

“లక్ష్మాని.”

“ఫోన్ల గొంతు ఎవల్దన్న అయితది. నేను నమ్మ.”

“అరె, నమ్మకుంటె ఎట్లనే. తండాల గిర్ని బంద్ ఉన్నది, పిండి కాడ ఆడోళ్లు లైను కట్టి నన్ను తిడుతున్నరు. జర ఇయ్యరాదు.”

“మాటతోని ఇచ్చుడు ఐపోయింది తమ్మీ. ఇగ ఎవలేం చెప్పినా ఇయ్య. మనిషి నా ముందట నిలవడాలె” అని పెట్టేశాడు.

అందుకని ముగ్గురం ఒక్క స్కూటీ మీద బయలుదేరాం. మేడం ముందు, లక్ష్మా నడుమ, నేను వెనక, నా కొడవలి. రోడ్డు మీద గుండిగ మళ్లీ తన స్థానంలోకి వచ్చింది. ఈదమ్మ దూరం నుంచే మమ్మల్ని లెక్కపెట్టుకుంది. ముగ్గురం కనబడగానే ఇంకేం అడగలేదు, మూడు విస్తర్లు వేసింది. ఈసారి తినక తప్పలేదు. లక్ష్మాకు మాత్రం గంటెడు ఎక్కువ వేసింది.

“ఇంగ వద్దు అవ్వా” అన్నాడు లక్ష్మా.

“సాలు అను, ఆపుత” అంది ఈదమ్మ. కథ అంతా అప్పటికే రోడ్డు మీదికి ఎట్లా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సబ్‌స్టేషన్‌లో యాకయ్య మేము వదిలిపెట్టిన చోటే ఉన్నాడు. పెట్టెకు వీపు, ఒళ్లో పిడి. గేటు తీసిన చప్పుడు విని కూడా లేవలేదు. లక్ష్మా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. యాకయ్య కింది నుంచి పైదాకా చూశాడు. లేచి అతని భుజం పట్టి చూశాడు, మోచెయ్యి పట్టి చూశాడు, చెవి పట్టి చూశాడు.

“చెవెందుకే” అన్నాడు లక్ష్మా.

“వేడిగున్నదా లేదా చూస్తున్న.”

“ఎండల సంది వచ్చిన. వేడి ఉండదా?”

యాకయ్య పిడి అతని చేతికి ఇచ్చాడు. “నువ్వే తిప్పు. నేను ముట్ట.”

లక్ష్మా పిడి దూర్చి తిప్పసాగాడు. కిర్రు కిర్రుమంటోంది. కుడిచేత్తో అతను తిప్పుతుంటే ఎడమచెయ్యి యాకయ్య పట్టుకునే ఉన్నాడు.

“చెయ్యి ఇడువు యాకన్నా. ఒక్క చేతితోని బిగుస్తలేదు.”

“నిమ్మళంగ తిప్పు. నాకేం తొందర లేదు.”

టక్కుమంది. పసుపు బొమ్మ వచ్చింది. లక్ష్మా పిడి ఆపి, ఇప్పుడేం చెయ్యమంటారని మేడం వైపు తిరిగాడు. యాకయ్య కూడా తిరిగాడు. నేనూ తిరిగాను.

మేడం మెట్ల మీద నిలబడి ఉంది. ఏ మాటా జారకుండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కానియ్యమన్నట్టు తల మాత్రం ఊపింది. లక్ష్మా కొక్కెం తిప్పాడు. పెట్టె దభీమంది, పొలాల్లో మోటర్లు అందుకున్నాయి. ఆమె చేతులు మాత్రం నోటి మీది నుంచి తీయలేదు.